ఎదుటివాడి తెడ్డు

లా ఎంట్రన్స్ ఫలితం వచ్చిన రోజు నేను పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ పేటలో ఒక కంప్యూటర్ షాపులో ఉన్నాను. ఊరి బయట చౌల్దారీలో మేము అద్దెకుండే చోట నెట్ నిలిచేది కాదు. వాన పడితే అసలే ఉండేది కాదు. అందుకని అప్లికేషన్ దగ్గర నుంచి హాల్ టికెట్ దాకా అన్నీ ఆ షాపులోనే చేయించుకున్నాను. షాపు నడిపే దీదీ బెంగాలీ ఆవిడ. మాట్లాడేది ఎక్కువగా హిందీ, తెలుగు మాత్రం బాగా అర్థమయ్యేది. చుట్టుపక్కల పిల్లల మార్కులూ ర్యాంకులూ వాళ్ళ అమ్మానాన్నల కంటే ముందు ఆవిడకే తెలిసేవి.

ఆ షాపుకి వెళ్ళడంలో నాకొక పద్ధతి ఉండేది. బస్సు దిగగానే మెడ నిటారుగా పెట్టి, చూపు షాపు బోర్డు మీద నిలిపి, అటూ ఇటూ తిప్పకుండా నడిచేదాన్ని. రోడ్డుకి అవతలి వైపు ఉన్న పాత మేడ ఒకప్పుడు మాది. ఇప్పుడది లాడ్జి. నాకు నాలుగేళ్ళప్పుడు ఆ ఇంట్లోంచి వచ్చేశాం. మాది కాకుండా పోయిన దాని వైపు చూడకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టుకున్న నియమం అది.

దీదీ స్క్రీన్ మీద వేలు పెట్టి నా నంబరు వెతికింది. మానిటర్ నా వైపు తిప్పి, "ఇస్ ర్యాంక్ మే తో సబ్ సే ఊపర్ వాలా భీ మిల్ జాయేగా" అంది.

అన్నిటికంటే పైనున్న కాలేజీ కూడా వస్తుందట. నేను కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. దీదీ నవ్వి, "బైఠో, కుర్సీ టూట్ జాయేగీ" అని, కుర్చీ విరిగేలోగా నన్ను కూర్చోబెట్టి సంగతి వివరించింది. ఇష్టమైన కాలేజీల పేర్లు వరసగా పెట్టాలి. మొదటి పేరుకి సీటు దొరికితే మిగతావి చూడరు. నా ర్యాంకుకి మొదట ఏది పెడితే అదే వస్తుంది. ఒకసారి లాక్ చేశాక మార్చడానికి వీల్లేదు. శనివారం సాయంత్రం ఐదింటికి ఆఖరు. ఆ రోజు బుధవారం.

దేశంలోని లా కాలేజీల ర్యాంకుల పట్టిక ప్రింటు తీయించుకుని, పైనున్న పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. చౌల్దారీ బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు ఆ కాగితం మడవలేదు. గొట్టంలా చుట్టి, ముడత పడకుండా గుండెకి ఆనించి పట్టుకున్నాను.

ఆ పట్టిక నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా తాత జంగ్లీఘాట్ మత్స్యకారులకి పెద్ద. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలలో ఏ తగవొచ్చినా స్టేషన్‌కి పోయేవారు కాదు, డైరీ ఫార్మ్‌లో మా వరండాకి వచ్చేవారు. ఒకరి వల మీద ఇంకొకరు వల వేశారనీ, చీకట్లో లంగరు తాడు కోసేశారనీ, పట్టిన చేపలో వాటా తేడా వచ్చిందనీ. వచ్చిన ఇద్దరూ తమ తెడ్లు తెచ్చి తాత కుర్చీ ముందు పెట్టాలి. పడవలకి ఇంజిన్లు వచ్చాక కూడా తెడ్డే పెట్టేవారు. తగవు తేలేదాకా తెడ్లు అక్కడే ఉంటాయి, ఎవరూ సముద్రానికి పోకూడదు. తర్వాత ఇద్దరూ మాట్లాడాలి. కానీ ఎవరి మాట వాళ్ళు కాదు. ఎదుటివాడి పక్షాన నిలబడి, తానే అతనైతే ఏం చెప్పుకుంటాడో అది చెప్పాలి. అది సరిగ్గా చెప్పలేనివాడికి తన మాట చెప్పుకునే వంతు రాదు. ఆఖర్న తగవు తేలితే ఎవరి తెడ్డు వాళ్ళు తీసుకోకూడదు. ఎదుటివాడి తెడ్డు తీసి అతని చేతికివ్వాలి. ఇచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

సునామీ మా మూడు పడవల్లో రెండింటిని తీసుకుపోయింది. ఏడాది తిరగకుండా తాత పోయాడు. మిగిలిన పడవ పోయింది, ఇల్లు పోయింది, వరండాకి వచ్చేవాళ్ళు పోలీస్ స్టేషన్ దారి తెలుసుకున్నారు. మాతో చౌల్దారీకి వచ్చింది తాత కుర్చీ ఒక్కటే. పడౌకు అనే ఎర్ర కలపతో చేసింది, ఎత్తుగా ఉంటుంది. మామ్మ, అంటే మా నాన్న తల్లి, దాన్ని కొబ్బరినూనెతో తుడిచేది. మా రెండు గదుల ఇంట్లో కూర్చోవడానికి చోటు లేకపోయినా ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు.

నాన్నకి చాతమ్ జెట్టీలో ఉద్యోగం దొరికింది. బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ మీదకి లారీలనీ జీపులనీ విజిల్ ఊదుతూ ఎక్కించడం ఆయన పని. స్కూల్లో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారని అడిగితే షిప్పింగ్‌లో అనేదాన్ని. అది అబద్ధం కాదు.

నాకు తెలుగు రాయడం, చదవడం నేర్పింది నాన్నే. మా వయసు పిల్లలం చాలామందిమి తెలుగు మాట్లాడతాం గానీ చదవలేం. మన ఇంట్లో అలా కుదరదని నాన్న పట్టుబట్టాడు. పడవలు పోయాయి, అక్షరాలు ఎందుకు పోవాలన్నది ఆయన వాదన. ఆ పట్టుదల నాకు ఆయన నుంచే వచ్చింది. పన్నెండో తరగతి మొత్తం నా లెక్క ఒక్కటే. మెట్టు మెట్టుగా దిగిపోయిన ఇంటిని ఒక్క గెంతుతో పైకి ఎక్కించాలి. దేశంలో అందరికంటే పైనున్న కాలేజీ పేరు చెబితే పోర్ట్ బ్లెయిర్‌లో ఏ ఆఫీసులోనైనా లేచి కుర్చీ వేస్తారు. ఇప్పుడు ఆ కాలేజీ నా చేతిలో ఉన్న కాగితంలో, ఎర్ర గీత మీద ఉంది.

ఇంట్లో చెప్పగానే అమ్మ నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. మామ్మ కుర్చీకి దండం పెట్టింది. నాన్న చేతులు కడుక్కుని వచ్చి, కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఈ ఊరికి షిప్ ఎక్కడి నించి?" అన్నాడు.

"షిప్ ఉండదు నాన్నా. అక్కడ సముద్రం లేదు. చెన్నైలోనో కలకత్తాలోనో దిగి, రైల్లో వెళ్ళాలి. లోపల, నార్త్‌లో."

"సముద్రం లేని ఊళ్ళో పొద్దున్న లేచి మనిషి ఎటు చూస్తాడు?"

"పుస్తకం వైపు" అన్నాను.

దీవుల్లో పుట్టిన మా నాన్న లాంటి వాళ్ళకి మెయిన్‌లాండ్ అంటే మూడు ఊళ్ళే. చెన్నై, కలకత్తా, వైజాగ్. షిప్ ఆగే చోట దేశం ఉంటుంది, షిప్ ఆగని చోట ఊళ్ళున్నాయని వినికిడి. నాన్న మనసులో వైజాగ్ ఉంది. అక్కడి లా కాలేజీ కూడా నా జాబితాలో ఉంది, ర్యాంకుల్లో నా ఎర్ర గీతకి కాస్త కింద. అక్కడ హార్బర్ దగ్గర నాన్న మేనత్త కుటుంబం ఉంటుంది. పండక్కి ఎండుచేపలు పంపితే ఫోన్ చేసి మరీ దీవెనలిచ్చే మనుషులు.

"వైజాగ్ షిప్ మూడు రోజులే" అన్నాడు నాన్న.

"ఆ షిప్ నెలకోసారి ఉంటే గొప్ప. ఎక్కేసరికి సెమిస్టర్ అయిపోతుంది."

"అయితే చెన్నైలో దిగి రైలెక్కు. ఒక్క రాత్రి. అంతేనా కాదా?"

అమ్మది మూడో దారి. పోర్ట్ బ్లెయిర్‌లోనే చదవచ్చు కదా అన్నది ఆమె మాట. దానికి ఈ జాబితా కూడా అక్కర్లేదు, వేరే అప్లికేషన్ ఇస్తే చాలు. అమ్మ మా ఇంటి వెనక దొడ్లో తోటకూర, బెండ, బీర పండించి బజారుకి పంపేది. ఆ మాట కూడా కొడవలి చేత్తో పట్టుకునే చెప్పింది.

"ఈ ర్యాంకులు ఎవరిచ్చారు? మన ఊరొచ్చి చూసి ఇచ్చారేటి?"

"అమ్మా, దేశం మొత్తం ఒప్పుకుంటుంది."

"దేశం మొత్తం నీకు టిఫిన్ కడతాదా?"

గురువారం అంతా ఇదే. నేను ప్లేస్‌మెంట్లు అంటాను, ఢిల్లీ, బొంబాయి కంపెనీల పేర్లు చదువుతాను. నాన్న, "టెన్షన్ మత్ లే, వైజాగ్‌లో కూడా కోర్టు ఉంది" అంటాడు. అమ్మ గిన్నెలు చప్పుడు చేస్తుంది. ఎవరూ కోపంగా లేరు, అదీ విచిత్రం. ఇంట్లో పెళ్ళి కుదిరినట్టుంది. చాలా ఏళ్ళ తర్వాత మా ఇంట్లో ఎంచుకోవడానికి ఏదో ఉంది. అంతకు ముందు మాకు జరిగినవన్నీ జరిగిపోయినవే తప్ప మేము ఎంచుకున్నవి కావు. అందుకే ముగ్గురం ఆ వాదనని వదల్లేకపోయాం.

శుక్రవారం మధ్యాహ్నం నాన్న డ్యూటీ దిగి రాగానే మళ్ళీ మొదలైంది. అన్నం పళ్ళేల ముందే ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నాం. మూలన కూర్చున్న మామ్మ చెయ్యెత్తింది.

"ఆపండర్రా. ఏటిది, ఇల్లా, చేపల బజారా? రేపటికి ఆఖరంట. తినీసి తెడ్లు పెట్టండి."

నాన్న ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "మనకి తెడ్లెక్కడివమ్మా?"

"నీకు కూడెట్టేది ఏదో అది తే. అదే తెడ్డు."

భోజనాలయ్యాయి. నాన్న జేబులోంచి విజిల్ తీశాడు. ఇత్తడిది, నల్ల తాడుతో. దాన్ని కుర్చీ ముందు నేల మీద పెట్టాడు. అమ్మ కొడవలి కడిగి తెచ్చి పక్కన పెట్టింది. నా దగ్గర ఏమీ లేదు.

"నీకింకా తెడ్డు రాలేదు గుంటా. ఆ కాగితం పెట్టు" అంది మామ్మ.

తర్వాత మామ్మ వెళ్ళి తాత కుర్చీలో కూర్చుంది.

మేము చూస్తూ ఉండిపోయాం. మామ్మ పొట్టి మనిషి. కాళ్ళు నేలకి అందలేదు, గాల్లో వేలాడాయి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే. ముసలోడికి కాళ్ళు పొడుగు, అంతే. తీర్పులు సగం తలుపెనకాల నించి నాను సెప్పినవే." మామ్మ వెనక్కి జరిగి సర్దుకుంది. "నువ్వు నీ పెళ్ళాం మాట సెప్పు. నువ్వు నీ కూతురి మాట సెప్పు. ఏటే గుంటా, నువ్వు మీ నాన్న మాట సెప్పు. దొంగ మాట సెప్తే నాకు తెలిసిపోద్ది."

నాన్న నిలబడ్డాడు. పోర్ట్ బ్లెయిర్‌లోనే చదవడం ఎందుకు మంచిదో ఆయన చెప్పాలి. మొదట గొంతు సవరించుకున్నాడు, తర్వాత మెల్లగా అందుకున్నాడు.

"ఊళ్ళో చదివితే కోర్టు ఇక్కడే. మొదటి సంవత్సరం నించే పోయి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఏ లాయర్ ఎలా మాట్లాడతాడో, ఏ క్లర్కు ఏ ఫైలు ఎక్కడ పెడతాడో అన్నీ తెలుస్తాయి. ఇది చిన్న ఊరు. ఇక్కడ మనిషి మొహమే సర్టిఫికెట్. అయిదేళ్ళు బయటుండి వస్తే మొహం మర్చిపోతారు. ఇక్కడే ఉంటే అయిదేళ్ళలో సగం ఊరు లాయరమ్మా అని పిలుస్తాది." అక్కడ ఆగాడు. "ఇంకోటి, సాయంత్రం ఆరుకల్లా ఇంటికొస్తాది. బస్సు దిగి వస్తన్న చప్పుడు నాకు తెలుస్తాది." ఆ మాటతో కూర్చున్నాడు.

అమ్మ వంతు. ఆమె నా కాలేజీ పక్షాన మాట్లాడాలి. ఆ ఊరి పేరు కూడా ఆమె నోట సరిగ్గా పలకదు. ప్లేస్‌మెంట్ల గురించి తడబడుతుంది, నేను లోపల నవ్వుకుంటాను అనుకున్నాను. అమ్మ ఆ మాటే ఎత్తలేదు.

"నా కూతురు చౌల్దారీ బస్సులో మెడ తిప్పకుండా కూర్చుంటాది" అంది. "డైరీ ఫార్మ్‌లో దిగితే ఆ ఇంటి వైపు చూడదు. ఎండైనా వానైనా చూడదు. నేను ఎనకాల నడిచినప్పుడల్లా చూశాను. ఈ వయసు పిల్ల, మెడ నొప్పి పుట్టదా? ఆ కాలేజీ ఉన్న ఊళ్ళో ఆ ఇల్లు లేదు. ఫలానా వాళ్ళ మనవరాలు, పాపం అనేవోళ్ళు లేరు. అక్కడ ఎటు కావాలంటే అటు మెడ తిప్పుకోవచ్చు. దానికోసమైనా పంపాలి."

నా నియమం సంగతి ఎవరికీ తెలియదని అన్నేళ్ళూ అనుకున్నాను. తల దించుకుని నేల మీది విజిల్‌ని చూస్తూ కూర్చున్నాను. మామ్మ నా పేరు పిలిచేదాకా కదల్లేదు.

నేను వైజాగ్ గురించి చెప్పాలి. మొదట లెక్క ప్రకారం చెప్పాను. తెలుగు ఊరు, బంధువులున్నారు, రైలు ఒక్క రాత్రి. మామ్మ కాళ్ళు ఊపుతూ, "ఇది మీ నాన్న నిన్న సెప్పిందే. నువ్వు మీ నాన్నవైతే ఏటి సెప్తావు?" అంది.

నేను మా నాన్నని అనుకుని చూశాను. ముప్ఫై ఏళ్ళ వయసులో, జంగ్లీఘాట్ ఒడ్డున, రెండు పడవలు ఉండాల్సిన చోట ఏమీ లేకుండా నిలబడ్డ మనిషిని. అప్పుడు నోటికి వేరే మాటలు వచ్చాయి.

అది ఓడరేవు ఊరు అన్నాను. అక్కడి కోర్టుల్లో ఓడల తగవులు నడుస్తాయి. ఓడ ఓడని గుద్దితే ఎవరిది తప్పు, జీతం ఇవ్వకుండా సిబ్బందిని ఓడలో వదిలేస్తే ఎవరిని పట్టుకోవాలి, సముద్ర సరిహద్దు దాటిన చేపల పడవని పట్టుకుపోతే ఎలా విడిపించాలి. వీటన్నిటికీ చట్టం ఉంది, పుస్తకాలున్నాయి, దాన్నే చదివి దాంతోనే బతికే లాయర్లు ఉన్నారు. సెలవుల్లో వాళ్ళ దగ్గర పని నేర్చుకోవచ్చు. కెరీర్ అంటే నేను కంపెనీలనే అనుకున్నాను, కానీ ఓడలున్నంత కాలం ఈ పనికి కరువు లేదు. చుట్టూ సముద్రమే ఉన్న ఈ దీవుల్లో సముద్రం చట్టం చదివి వచ్చినవాళ్ళు ఎంతమంది? మన వరండాలో తేలిన తగవులన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి? మన వాళ్ళు చదవలేని ఫారాల కింద వేలిముద్ర వేసి వస్తున్నారు. పడవ పోయినప్పుడు ఏ ఆఫీసుకి ఏ కాగితం పెట్టాలో చెప్పేవాళ్ళు ఒక్కరుంటే మా నాన్న ఆ ఒడ్డున అలా...

ఆ మాట పూర్తి చేయకుండానే ఇంకో మాటలోకి దూకాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు. చేతులు ఊపుతూ గది ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతున్నాను. ఇలా మాట్లాడటం నాకు వచ్చని అంతవరకు నాకే తెలియదు. ఒళ్ళంతా వేడెక్కింది. పట్టిక చేతిలో పట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు కూడా ఇంత ఉత్సాహం లేదు. అప్పుడు ఒక పేరు దొరికిందని ఆనందపడ్డాను. ఇప్పుడు పని దొరికింది.

చెప్పడం అయ్యాక వచ్చి నా చోట కూర్చున్నాను.

"అయిపోనాదా? ఇప్పుడు ఎవరి మాట వాళ్ళు సెప్పుకోండి" అంది మామ్మ.

నాన్న చెవి గోక్కున్నాడు. "నాకు... ఊళ్ళోనే బాగుంటాదేమో అనిపిస్తంది."

"ఊళ్ళో ఏటి?" అమ్మ కస్సుమంది. "అంత పెద్ద కాలేజీ వస్తే ఊళ్ళో ఉంచుతావా? ఫస్ట్ వాలా వదిలి పెడతారా ఎవరైనా?"

"నిన్నటిదాకా ఊళ్ళో అన్నది నువ్వే కదే."

"నిన్న వేరు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు వైజాగ్ కావాలనిపిస్తోందని చెప్పలేకపోయాను.

మామ్మకి నవ్వు ఆగలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, కాళ్ళు ఊపుతూ, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇలగ ఒక్కసారే అయ్యింది. ఇద్దరన్నదమ్ములు. వాటా నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నారు. ముసలోడు బుర్ర పట్టుకున్నాడు. నాను తలుపెనకాల నించి అడిగాను, రేపు ఆ పడవెక్కేది ఎవడని. ఎక్కేవోడే సెప్పాల."

"ఎక్కేది నేను" అన్నాను.

"అయితే సెప్పు."

"రేపు చెప్తాను."

ఒక్క పూటలో మాట మార్చుకునే ఇల్లు కాదు మాది. మార్చుకోవాలంటే ఒక రాత్రైనా దాని గురించి ఆలోచించుకోవాలి. మామ్మకి అది నచ్చింది. తల ఊపి, "అయితే తెడ్లిక్కడే" అని కుర్చీ దిగింది.

శనివారం తెల్లారేసరికి నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. విజిల్ నేల మీదే ఉంది. తన తెడ్డు తాను తీసుకోకూడదు కదా. జెట్టీలో ఇంకొకరి విజిల్ అడిగి తీసుకునే మనిషి కాదు ఆయన. విజిల్ లేకుండా లారీలని ఎలా ఎక్కిస్తాడో నాకు అర్థం కాలేదు. దాని పక్కన ఉండాల్సిన నా కాగితం లేదు. కిటికీ తెరిచి ఉంది, బయట వాన గాలి. ఎగిరిపోయిందనుకున్నాను. వెతకలేదు. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు.

కొడవలి తీసి దొడ్లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళి ఆమె చేతికిచ్చాను.

"అంటే?" అంది అమ్మ.

"అంటే ఊళ్ళో ఉండను."

"అది నాకు తెలుసు. ఆ తర్వాత?"

లోపలికి వచ్చి, విజిల్ తీసి సంచిలో వేసుకున్నాను. మామ్మ మంచం మీద నుంచి చూస్తోంది. చూసి, "గొడుగట్టుకెల్లు" అంది. అంతే.

బస్సు కిటికీలకి నీళ్ళు కారుతున్నాయి. డైరీ ఫార్మ్‌లో దిగేసరికి నెట్ పోయింది. షాపులో నాలాంటి వాళ్ళు ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. దీదీ రౌటర్‌ని ఆపుతుంది, పెడుతుంది, దేవుణ్ణి తలుచుకుంటుంది. పదకొండైంది, పన్నెండైంది. ఐదింటిదాకా ఉందని తెలిసినా నా కాలు నేల మీద నిలవలేదు. ఒంటిగంట దాటాక పేజీ తెరుచుకుంది.

"బోలో. ఫస్ట్?" అంది దీదీ. ఆవిడ వేలు అప్పటికే ఎర్ర గీత కాలేజీ మీద ఉంది.

"వైజాగ్."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది. "పాగల్ హో గయీ? ఊపర్ వాలా మిల్ రహా హై."

"దొరుకుతుందని తెలుసు దీదీ. అది రెండోది పెట్టండి."

"పహ్లా పెడితే పహ్లా పక్కా. రెండోది చూడరు. సమఝ్ రహీ హో న?"

"అర్థమైంది."

"ఘర్ మే పూఛా?"

"ఇంట్లో వాదించే వచ్చాను" అన్నాను.

ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, పేర్లు వరసగా పెట్టి, లాక్ బటన్ దగ్గర బాణం ఆపి, మౌస్ నా వైపు జరిపింది. "తుమ్ దబావో. నా చేత్తో నేను నొక్కను."

నేను నొక్కాను. ప్రింటు తీసుకున్నాను. దీదీ చిల్లర ఇచ్చేలోగానే తలుపు దాకా వచ్చేశాను.

బయటికి వచ్చి, రోడ్డు దాటే ముందు, తల తిప్పి ఆ ఇంటి వైపు చూశాను. వరండా కమ్మీల మీద టూరిస్టుల తడి తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. నేను ఇన్నాళ్ళూ మనసులో కట్టుకున్నంత పెద్ద వరండా కాదు అది. పది తెడ్లు పెడితే నిండిపోతుంది. ఆటో ఎక్కి చాతమ్ జెట్టీ అన్నాను.

జెట్టీ గేటు దగ్గరికి వచ్చేసరికే ఈల వినిపించింది. నాన్న వానలో నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, ఒక సిమెంటు లారీని వెనక్కి వెనక్కి ఫెర్రీలోకి పంపుతున్నాడు. పక్కనున్న పనివాడు, "క్యా బాత్ హై భయ్యా, ఆజ్ హీరో?" అని ఆటపట్టిస్తున్నాడు. నాన్న పట్టించుకోలేదు. ఒక చెయ్యి గాల్లో, వీపు నిటారుగా, లారీ చక్రం మీద నుంచి చూపు మరల్చకుండా. అలా నిలబడటం నాకు తాత నుంచి వచ్చిందని అన్నాళ్ళూ అనుకునేదాన్ని.

లారీ ఆగాక వెళ్ళి, సంచిలోంచి విజిల్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

నాన్న దాన్ని చూశాడు. నన్ను చూశాడు. తర్వాత రెయిన్‌కోట్ లోపలికి చెయ్యి పెట్టి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నా పట్టిక. ఎర్ర గీత అలాగే ఉంది. వెనక్కి తిప్పితే నాన్న గుండ్రటి తెలుగు అక్షరాలు. చెన్నై షిప్ ఏ రోజుల్లో ఉంటుందో, దిగాక ఏ స్టేషన్‌కి పోవాలో, ఏ రైలు ఎక్కాలో, ఎక్కడ మారాలో, ఆ కాలేజీ ఉన్న ఊరు దాకా. చివర రాశాడు, స్టేషన్ బయట ఆటో వాడితో ముందే మాట్లాడుకోవాలి అని.

"మా ఫెర్రీ నడిపే సారంగుని అడిగాను. వాడి కొడుకు ఆ వైపే మిలిటరీలో ఉన్నాడు" అన్నాడు. "దూరమే గానీ, పోలేని దూరమేం కాదు."

"లాక్ చేసేశాను నాన్నా. మొదటిది వైజాగ్."

రెయిన్‌కోట్ టోపీ మీద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వెనకనున్న జీపు హారన్ కొట్టింది.

"అయితే ఈ కాగితం?"

"తిరిగి ఇవ్వకూడదు కదా. చేతికిచ్చాక ఆ మాట ఎత్తకూడదు."

నాన్న నవ్వు ఆపుకోవడానికి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఆగలేదు. నవ్వూ ఊపిరీ కలిసి విజిల్ ఎగుడుదిగుడుగా మోగింది, జీపు డ్రైవరు ముందుకి రావాలో ఆగాలో తెలియక బ్రేకు మీద కాలేసి చూస్తూ ఉండిపోయాడు. నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకుని, చెయ్యెత్తి, ఈసారి సరిగ్గా ఊదాడు. జీపు కదిలింది. నేను అడ్డం తప్పుకుని, కాగితాన్ని మడత మీదే మడిచి సంచి లోపలి జేబులో దాచుకున్నాను.